మంథనామె పేరు వెతుక్కుంటూ

ముంబై పక్కన మా భివండిలో, నేత పని చేసే సాలెల ఇళ్ళలో కోడళ్ళకు పేర్లుండవు. ఉంటాయి గానీ రేషన్ కార్డులో ఉంటాయి. ఇంట్లో మాత్రం ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరామె. మా అవ్వ, అంటే అమ్మ, సిరిసిల్లామె, మా వదిన షోలాపూరామె. నన్ను పక్క వీధికే ఇచ్చారు గనక ఏ ఊరి పేరూ కలిసిరాక మా అత్తగారింట్లో "పక్క గల్లీ ఆమె" అని ఖాయం చేశారు. నవ్వితే నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మా బాపును, అంటే నాన్నను, కన్నతల్లి మంథనామె. అంతకు మించి ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు. బాపు పాలు మరవక ముందే ఆమె పోయింది. తాత నర్సయ్య పసివాణ్ణి తీసుకుని వేములవాడ నుంచి భివండి వచ్చి మగ్గాల పనిలో కుదిరాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడ బాపును కడుపులో పెట్టుకుని పెంచింది. ఆమె మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని బాపు ఎన్నడూ తన తల్లి పేరు అడగలేదు.

పెత్రమాస నాడు, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య నాడు, అయ్యగారు పోయినవాళ్ళ పేర్లు అడుగుతాడు. పెళ్ళాం పేరు మొగుడు పైకి అనకూడదు గనక తాత అయ్యగారి చెవిలో చెప్పేవాడట. తాత పోయాడు, ఆ అయ్యగారూ పోయాడు. తర్వాత వచ్చినాయన, "పేరు ఎరుక లేకుంటే గంగ అనుకోరి" అన్నాడు. అప్పటి నుంచీ బాపు గంగ పేరు మీదే నీళ్ళు వదులుతున్నాడు.

ఈ ఏడు పెత్రమాస ఇంకా రాకముందే మొండికేశాడు. ఎనభై దాటాయి, గుండె బాగా లేదు, మోకాళ్ళు వంగవు. "ఈపారి గంగకు నీళ్ళు ఇడ్వ. ఎవలి తల్లికో పోస్తున్న ఇన్నేండ్ల సంది. రేపు నేను పోతే మా అవ్వ నన్ను ఏమనాలె? కొడుకువై పుట్టి ఒక్కనాడన్న నన్ను పిల్వలేదని అనదా?" అని అన్నం పళ్ళెం పక్కకు జరిపాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "అయితే నేనే పోయి అడిగొస్త తియ్" అన్నాను. కోపంలో అన్నాను గానీ, ఆయన నా మొహం వైపు చూసిన చూపుకు ఇక వెనక్కి తగ్గడానికి లేకపోయింది.

వేములవాడ

కరీంనగర్ జిల్లా మనుషుల మధ్యే పుట్టి పెరిగినదాన్ని, కరీంనగర్ జిల్లా ఎన్నడూ చూడలేదు. బస్సెక్కగానే కండక్టరు నా ఆధార్ కార్డు అడిగాడు. ఇక్కడ ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేదు. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, గిది మహారాష్ట్రది. చెల్లదు" అని టికెట్టు కొట్టాడు. పక్క సీటామె మాత్రం నా తరఫున గట్టిగా వాదించింది. "మాట జూడు, మనూరి మాటే గదా. గామెను మరాటామె అంటవా?" కండక్టరు నవ్వి వెళ్ళిపోయాడు. డబ్బులు పోతే పోయాయి గానీ, మనూరి మాట అన్నందుకు నాకు కడుపు నిండిపోయింది.

వేములవాడలో రాజన్న గుడి చుట్టూ జనం కోడెలను పట్టుకుని తిరుగుతున్నారు. కోరిక తీరితే కోడెను కడతామని మొక్కుకుంటారు, వచ్చి గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. నేను పని కాకముందే కట్టేశాను. దేవుణ్ణి ముందే మొహమాటంలో పడేస్తే మంచిదని నా ఆలోచన. నాకిచ్చిన కోడె మాత్రం సగం దూరం నడిచి, నా కొంగు నోట కరుచుకుని నిలబడిపోయింది. వెనక ఉన్నవాళ్ళంతా తోసుకొచ్చి నా మీద పడ్డారు. కొత్త చీర కొంగు నమిలి చీలికలు చేసింది.

తాత ఇల్లు ఉన్న చోట ఇప్పుడు లాడ్జి ఉంది. ఆ వీధిలో మాకు వరసకు అక్కయ్యే లక్ష్మి ఇంట్లో దిగాను. ఆమె వాళ్ళ ముసలి అత్తను లేపి అడిగింది. ఆ ముసలమ్మ చాలాసేపు ఆలోచించి, "నర్సయ్య పెండ్లామా? మంథనామె" అంది. అది మాకు తెలుసు అన్నాను. "తెలిస్తె మల్లెందుకు అడుగుతున్నవ్?" అని అటు తిరిగి పడుకుంది.

లక్ష్మి నాకు బియ్యప్పిండి గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండి చేసి పెట్టింది. గిన్నెకు అంటుకుని ఎర్రగా మాడిన అంచు కోసం ఆమె మనవరాలితో పోటీ పడ్డాను. నేనే గెలిచాను, సిగ్గు లేకుండా. తింటుంటే లక్ష్మి ఒక మాట చెప్పింది. "మీ బాపు కరీంనగర్ల దవాఖాన్ల పుట్టిండట. కాన్పు కష్టమైతే బండి కట్టుకోని చర్చి దవాఖానకు తీస్కపోయిన్రట."

కరీంనగర్

ముందు ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాను. పాత జనాభా లెక్కలు చూపించమంటే అక్కడి గుమాస్తా జాలిగా చూశాడు. "అమ్మా, లెక్కలల్ల మనుషుల లెక్క ఉంటది గని, ఎవలెవలో చెప్పరు" అన్నాడు. అంతకంటే మర్యాదగా ఎవరూ నన్ను బయటికి పంపలేదు.

చర్చిలో నయం. సంఘ పెద్ద దేవదానం గారు డెబ్భై ఏళ్ళ మనిషి. వేళాపాళా లేకుండా వచ్చినా విసుక్కోలేదు. ఆ పాత దవాఖాన పుస్తకాలు, బాప్తిస్మాల పుస్తకాలు ఒకే బీరువాలో ఉన్నాయి. ఆయన ఒక్కో పేజీ వేలితో నెమ్మదిగా తిప్పాడు. ఒక చోట వేలు ఆగింది. "నర్సయ్య, సాలె, వేములవాడ. భార్యకు మగశిశువు."

మగశిశువు అంటే మా బాపు. ఇంట్లో అలిగి కూర్చున్న మా బాపు ఇక్కడ ఒక్క గీత మీద పుట్టాడు. ఆ గీత మీద ఆమె కూడా ఉంది, పేరు మాత్రం లేదు. ఏడుపొచ్చింది నాకు.

దేవదానం గారు టీ తెప్పించాడు. పాకంలాంటి టీ. మా దగ్గర సగం గ్లాసు కటింగ్ పది రూపాయలు, ఇక్కడా పదే, కానీ ఇక్కడి చక్కెరతో నాలుగు కటింగులు అవుతాయి. "చూడు బిడ్డా, పక్క పేజీ" అని బాప్తిస్మాల పుస్తకం నా ముందుకు జరిపాడు. రూతమ్మ, మార్తమ్మ, శాంతమ్మ. అక్కడ ఆడవాళ్ళందరికీ పేర్లున్నాయి. "బాప్తిస్మం ఇయ్యాలంటె పేరు వెట్టి పిల్వాలె. కాన్పుకు వచ్చినోల్లది అట్ల గాదు. మొగడు బయట నిలవడి చెప్పేటోడు. పెండ్లాం పేరేందంటె తల వంచుకునేటోడు. రాసేటోల్లు గూడ ఇడిసిపెట్టేటోల్లు."

తాత మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ దవాఖాన గుమ్మం బయట తల వంచుకుని నిలబడ్డ ఇరవై ఏళ్ళ కుర్రాడు కళ్ళకు కట్టాడు. లోపల ఆమె నొప్పులు పడుతోంది, బయట ఈయన పేరు కూడా చెప్పలేకపోతున్నాడు.

సాయంత్రం బాపుకు ఫోన్ చేశాను. "నువ్వు పుట్టింది దొరికింది" అన్నాను. "నేను పుట్టింది నాకెరుకే. పేరు?" అన్నాడు. లేదన్నాను. "మంచిది. అన్నం తిను" అని పెట్టేశాడు.

మంథని

పెద్దపల్లి నుంచి మంథని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రెండు పక్కలా వరి పొలాలే. మా భివండిలో పచ్చగా కనిపించేది రంగుల కార్ఖానా కాలువ ఒక్కటే. దారిలో బస్సు ఆగినప్పుడు మక్క కంకులు కొన్నాను, ఇరవై రూపాయలకొకటి. నిమ్మకాయ, ఉప్పు, కారం రుద్దివ్వమంటే ఆ పిల్ల వింతగా చూసి ఉప్పు మాత్రమే రుద్దింది. కారం నాకు ముంబై అలవాటు. ఉప్పుతోనే తిన్నాను, బాగుంది, కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు.

మంథనిలో పని కష్టమవుతుందనుకున్నాను. కాలేదు. సాలెవాడ ఎక్కడని అడిగితే, గోదారికి పోయే తొవ్వలో రాజలింగం అనే తొంభై ఏళ్ళ ముసలాయన ఇల్లు చూపించారు. నర్సయ్యకు పిల్లనిచ్చింది వాళ్ళింటి నుంచే. తెల్ల బనియను, నడుముకు తువ్వాలతో అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుతున్నాడు. మంథనామె మనవరాలినని చెప్పగానే పొగాకు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను తాత అను" అన్నాడు. "మీ నాయనమ్మ మా మ్యానత్త బిడ్డ. నాకు వదిన. నేను చిన్న పోరన్ని, నన్ను ఎత్తుకోని గోదారికి తీస్కపోయేది. బట్టలు పిండుతుంటె నన్ను బండ మీద కూసోవెట్టి, కదిలితె మొసలి వస్తదని బెదిరిచ్చేది."

"తాతా, ఆమె పేరేంది?"

ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంట్లోకి చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"మేము వదిన అనేటోల్లం. పెద్దోల్లు ఇచ్చోడ పిల్ల అనేటోల్లు."

"ఇచ్చోడ ఎందుకు? మంథని గదా ఆమెది?"

"మంథని ఎట్లయితది? ఇచ్చోడల పుట్టింది. గత్తర వచ్చి ఇంట్ల అవ్వ, బాపు ఇద్దరు ఒక్కపారే పోయిన్రు. తమ్ముడు బుడ్డోడు, శంకర్ అని. మొగపిల్లగాడని పెదబాపు వాన్ని ఉంచుకున్నడు. పిల్లను మా బాపు తెచ్చుకున్నడు. ఈన్నే పెద్దగయింది, ఈడికెల్లే పెండ్లయింది."

గత్తర అంటే కలరా. నేను అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాను. మంథనిలో ఆమె ఇచ్చోడ పిల్ల. మేం భివండిలో కూర్చుని ఇన్నేళ్ళూ ఆమెను మంథనామె అంటున్నాం. ఎక్కడికి పోతే అక్కడ, వదిలేసి వచ్చిన ఊరి పేరే ఆమెకు అంటుకుంది. ఇదంతా ప్రేమ లేక చేసింది కాదు. ప్రేమ ఉన్నా అలాగే చేశారు, మేమూ అలాగే చేస్తున్నాం. మా వదిన అసలు పేరు నాకు వెంటనే గుర్తు రాలేదు, కాసేపు ఆలోచిస్తే గానీ.

రాజలింగం తాత కళ్ళు తుడుచుకున్నాడు. "నన్ను గంత సాదింది. పేరు అడగాలనే నాకు తట్టలే బిడ్డా" అన్నాడు. ఆయన కోడలు పచ్చిపులుసు, అన్నం పెట్టింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి చేత్తో పిసికి చేసిన పచ్చిపులుసు. మా అవ్వ కూడా ఇలాగే చేస్తుంది. భోజనం తర్వాత ఒక్కదాన్నే గోదావరికి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. వానాకాలం నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. బండలన్నీ మునిగిపోయాయి.

ఉట్నూరు దారి

మర్నాడు మహారాష్ట్ర సరిహద్దు వైపు ఉన్న ఇచ్చోడకు బయలుదేరాను. మంచిర్యాల దాటాక దారంతా టేకు అడవి. బస్సులో నేను నిద్రపోయి, కంగారుగా లేచి ఒక స్టాపు ముందే దిగిపోయాను, తర్వాత బస్సు వచ్చేదాకా వానలో తడిశాను. ఆ స్టాపులో ఒక గోండు ఆవిడ తన ప్లాస్టిక్ కవరులో సగం నా నెత్తి మీద కప్పింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఇద్దరం ఒక కవరు కింద వేరుశనగలు తిన్నాం. అప్పుడు నాకు మనసులో భయం మొదలైంది. ఇచ్చోడలో కూడా నాయనమ్మను ఇంకేదో ఊరి పిల్ల అంటే? ఆ ఊరు ఇంకెక్కడుంటుందో, బాపుకు అంత వ్యవధి ఉంటుందో లేదో.

ఇచ్చోడ

ఇచ్చోడలో బస్సు దిగి టీ అడిగాను. అలవాటు కొద్దీ మరాఠీలో "జరా కమీ సాఖర్" అని నోరు జారాను. కరీంనగర్లో ఇలా అన్నప్పుడల్లా మొహాలు చూసేవాళ్ళు. ఇక్కడ టీ ఆయన "హో తాయీ" అని చక్కెర తగ్గించి ఇచ్చాడు. హైవే మీద లారీలు, పత్తి చేలు, తెలుగులో కలిసిపోయిన మరాఠీ. ఇంటికొచ్చినట్టుంది. మా నాయనమ్మ బతికుండి మరాఠీ దేశానికి వచ్చుంటే బెంగపడేదని ఎప్పుడూ అనుకునేదాన్ని. బహుశా మంథనిలోనే ఎక్కువ బెంగపడిందేమో.

సాలోల్ల శంకర్ ఇల్లని అడిగితే బట్టల దుకాణం ఖాదర్ భాయ్ దగ్గరికి పంపారు.

"శంకర్ మామనా? గుజర్‌గయా అమ్మా, పోయి చాన దినాలాయె" అన్నాడు ఖాదర్ భాయ్. నా మొహం పడిపోవడం చూసి స్టూలు జరిపాడు. "మా అబ్బాజాన్, మామ ఇద్దరు కల్సి అంగడంగడి తిరిగి బట్టలమ్మిన్రు. ఫికర్ జెయ్యకు. బిడ్డ ఉన్నది, రోడ్డు మీద రొట్టెలు జేస్తది. మామ జర అజీబ్ మనిషి. సొంత బిడ్డను అక్కా అక్కా అని పిల్చేటోడు. మేము నవ్వేటోల్లం."

ఎందుకో అప్పుడే పూర్తిగా అర్థం కాలేదు గానీ, లేచి నిలబడ్డాను.

రేకుల పాక. ముందు రెండు లారీలు. అరవై దాటిన ఆవిడ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టె అరచేతులతో కొడుతోంది. నేను ఎవరో చెప్పడం మొదలుపెట్టాను. భివండి, వేములవాడ, మంథని అని వెనక్కి వెనక్కి చెప్పుకుంటూ వస్తే, మంథని దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా బాపుకు ఒక అక్క ఉండె" అంది. "మంథనికి పంపిన్రు. బాపు పెద్దగైనంక ఎత్కుకుంట పోయిండు. పెండ్లయి యాములాడకు పోయిందన్నరు. యాములాడకు పోతె సచ్చిపోయింది, పోరన్ని తీస్కోని మొగడు బొంబాయి దిక్కు పోయిండన్నరు. మల్లచ్చి మూడొద్దులు అన్నం ముట్టలేదట. నేను పుట్టినంక ఆమె పేరే నాకు వెట్టిండు."

"మరి అక్కా అని ఎందుకు పిల్చేటోడు?"

"అక్క పేరు గదా. పేరు వెట్టి ఎట్ల పిలుస్తడు? కోపమొస్తె గూడ, అక్కా జర నోరు మూస్కో అనేటోడు." నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు రొట్టె పిండిలో పడ్డాయి. "నన్నొక్క దెబ్బ గొట్టలే ఎన్నడు. అక్కను ఎట్ల గొడ్తడు?"

నేను ఆమె పేరు అడిగాను. పిండి చేతులతోనే చెప్పింది. "రుక్మబాయి."

నేను ఒకసారి మనసులో అనుకుని చూశాను. ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, "వరసకు నీకు చిన్నమ్మనైత. ముందుగాల తిను" అని వేడి రొట్టె మీద ఠేచా వేసి ఇచ్చింది. దంచిన పచ్చిమిర్చి, వెల్లుల్లి. కళ్ళ నీళ్ళకు ఇంకో సాకు దొరికింది.

తిన్నాక బాపుకు ఫోన్ కలిపాను. పేరు నేనే చెప్పేయొచ్చు. కానీ అది నా నోటితో చెప్పాల్సిన పేరు కాదనిపించింది.

"బాపూ, నీకు మ్యానమామ ఉండె, శంకర్ అని. ఆయన బిడ్డ నా పక్కన ఉన్నది. నీకు మరదలు. మీ అవ్వ పేరు ఆమెకు వెట్టిన్రు. ఆమెనే అడుగు" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టి చిన్నమ్మ ముందుకు పట్టుకున్నాను.

అటు మగ్గాల చప్పుడు. "సాంచలు బందు వెట్టున్రి జర" అని బాపు ఎవరికో చెప్పడం వినిపించింది. ఒక్కొక్కటే ఆగిపోయాయి. "చెప్పు పిల్లా" అన్నాడు.

"బావా, నా పేరు రుక్మబాయి."

ఫోన్ తెగిందేమోనని చూశాను, తెగలేదు.

"ఇంకొకపారి చెప్పు."

"రుక్మబాయి."

బాపు ఊపిరి పీల్చడం వినపడింది. ఇన్నేళ్ళూ ఈ పేరు తెలియకుండా బతికిన మనిషి, ఇప్పుడు ఆ పేరు పలుకుతాడని నేను చూస్తున్నాను. ఆయన పలకలేదు.

"అవ్వా" అన్నాడు.

చిన్నమ్మ నా వైపు చూసింది. ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నది. కన్న తండ్రికి జీవితమంతా అక్కలా పలికిన మనిషి. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకుంది.

"ఓ" అంది. "ఈన్నే ఉన్న బిడ్డా. చెప్పు."